పది దినాల ట్రైనింగు

రిజిస్టరు కొత్తది. అట్ట అంచులకు ఎర్ర గుడ్డ అంటించి ఉంది. క్లర్కు మల్లికార్జున్ దాన్ని టేబులు మీద తెరిచి, ఫ్యాను గాలికి పేజీ లేవకుండా పేపరువెయిటు పెట్టి, పెన్ను కట్టయ్య దిక్కు జరిపాడు.

పేజీకి ఎడమ పక్క పన్నెండు పేర్లున్నాయి. ఒక్కో పేరు ముందు పది గడులు, పైన పది తారీఖులు. పదకొండు మందివి గడులన్నీ నిండి ఉన్నాయి. అన్నీ ఒక్క పెన్నుతో, కూర్చున్న కాడ కూర్చుని పెట్టిన సంతకాలని చూస్తేనే తెలుస్తోంది. మొదటి గడిలో నిండుగా ఉన్న పేరు పదో గడికి వచ్చేసరికి ఉత్త గీత అయిపోయింది. కట్టయ్య పేరు ముందు గడులొక్కటే ఖాళీ.

కట్టయ్య ఆ ఫైరు స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్. ఇరవై రెండేళ్ళ సర్వీసు. గడ్డివాముల నుంచి పత్తి జిన్నింగు మిల్లుల దాకా అతను ఆర్పని మంట లేదు. పెన్ను ముట్టుకోకుండా తారీఖులు ఒక్కొక్కటే చదివాడు. పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిది దాకా, నడుమ ఒక ఆదివారం వదిలేసి.

పద్దెనిమిదో తారీఖున జరిగింది నిజమే. భోపాల్‌లో గ్యాసుకు అంతమంది పోయినంక, ఫైరు వాళ్ళకు గ్యాసులు, కెమికల్సు ప్రమాదాల మీద ట్రైనింగు ఇవ్వాలని కేంద్రం నుంచి గ్రాంటు వచ్చింది. ఆ పొద్దు స్టేషన్ ముందర షామియానా వేశారు. పెద్ద సార్లు వచ్చి మాట్లాడారు. వీపుకు తగిలించుకునే గాలి సిలిండరు సెట్లు రెండు, హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ మనిషి పెట్టెల్లోంచి తీసి చూపించాడు. సార్లు ఒకరి తర్వాత ఒకరు మాస్కు పెట్టుకుని ఫోటోలు దిగారు. పగటి భోజనాలతో సరి. మిగిలిన తొమ్మిది దినాలు ఎప్పటిలాగే బండి కడిగారు, పైపులు ఎండేశారు, మూడు గడ్డివాములు ఆర్పి వచ్చారు.

"మిగిలిన తొమ్మిది దినాలది ఎప్పుడు నేర్పుతరు?" అని అడిగాడు కట్టయ్య.

మల్లికార్జున్ నవ్వాడు. మార్చి ముప్పై ఒకటి లోపల గ్రాంటు ఖర్చయిందని రాసి పంపాలనీ, పంపకపోతే పైసలు వాపసు పోతాయనీ, వచ్చే ఏడు రూపాయి కూడా రాదనీ చెప్పాడు. కట్టయ్య కదలకపోతే లోపలికి పోయి స్టేషన్ ఆఫీసరుకు చెప్పాడు.

ఆఫీసరు రాజేశ్వర్ రావు చెడ్డవాడేమీ కాదు. పెద్ద మంట ఆర్పి వచ్చిన నాడు తన జేబులోంచి అందరికీ చాయ తెప్పించే మనిషి. ఆయన కట్టయ్యను కూర్చోమని, అన్ని స్టేషన్లలోనూ ఇట్లాగే నడుస్తుందని, పైవాళ్ళు ట్రైనింగు చెప్పే మనిషిని పంపకపోతే తను ఎక్కడి నుంచి తేవాలని నిదానంగానే చెప్పాడు.

"నేర్పినంక పెడ్త సార్," అన్నాడు కట్టయ్య.

 రాజేశ్వర్ రావు స్కేలు తీసుకుని, కట్టయ్య పేరు మీద ఎర్ర సిరాతో తిన్నని గీత గీశాడు.

బయట నీళ్ళ బండి పక్కన బుచ్చిరాములు తడి పైపును చుట్టచుడుతున్నాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటివాడు. పదేళ్ళ కింద కట్టయ్య చేతి కిందనే పని నేర్చుకున్నాడు. అన్నా అని పిలుస్తాడు, అన్న లాగే చూస్తాడు. ఆ పొద్దు మాత్రం తల ఎత్తలేదు.

"పేరు కొట్టేసిండట గద," అన్నాడు పైపు మడతను మోకాలితో నొక్కుతూ. "మంచిగున్నదన్నా. నువ్వొక్కనివి పెట్టకుంటె మేమందరం దొంగలమైనట్టే గద."

కట్టయ్య ఏదో చెప్పబోయాడు. బుచ్చిరాములు వినలేదు. ట్రైనింగు అలవెన్సు వస్తే తండ్రి కంటికి ఆపరేషన్ చేయించొచ్చని అనుకున్నాననీ, తన సంతకం ముందు కట్టయ్య నిలబడి నీతి చెప్పాల్సిన పని లేదనీ అన్నాడు. చుట్టిన పైపును భుజాన వేసుకుని లోపలికి పోయాడు.

ఆ తర్వాత నాలుగు దినాలు ఇద్దరికీ మాటల్లేవు.

ఒక సంగతి కట్టయ్య నోటి దాకా వచ్చి ఆగిపోయింది. షామియానా నాడు అందరూ భోజనాలకు పోయినంక అతను కంపెనీ మనిషి దగ్గరే నిలబడి, వచ్చీరాని ఉర్దూలో సిలిండరు సంగతులు అడిగాడు. ఆ మనిషి గాలి ఎంతసేపు వస్తుందో చెప్పి, భుజం పట్టీకి ఈలలాగా ఉన్న చిన్న సీటీని చూపించాడు. సిలిండరులో గాలి అడుగంటినప్పుడు అది దానంతట అదే మోగుతుందట. మోగితే చేతిలో పని అక్కడే వదిలేసి బయటపడాలె, ఐదు నిమిషాల కన్నా ఎక్కువ దొరకవు అన్నాడు. ఎట్లాగూ పది దినాలలో అందరికీ చెబుతారు గదా అనుకున్నాడు కట్టయ్య. అది జరగలేదు. మళ్ళీ తనే చెబుదామంటే, మాట్లాడనివాడికి ఏమని చెప్పేది అనుకుని ఊరుకున్నాడు.

*

ఏప్రిల్ మూడో తారీఖు పగటిపూట పదకొండు గంటలకు ఫోను వచ్చింది. కాశిబుగ్గ అవతల ఒక ఐస్ ఫ్యాక్టరీలో అమోనియా పైపు పగిలింది. ఎండలు మొదలై ఫ్యాక్టరీ రాత్రీపగలూ నడుస్తోంది.

బండి మలుపు తిరగకముందే కళ్ళు మండాయి. చుట్టూ ఇండ్లవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, ముఖాలకు కొంగులు అడ్డం పెట్టుకుని ఎదురొస్తున్నారు. ఒక ముసలమ్మ రోడ్డు నడుమ కూలబడి వాంతులు చేసుకుంటోంది. ఫ్యాక్టరీ తలుపులోంచి తెల్లటి పొగ నేల పట్టుకుని వస్తోంది. పొగ కాదది, చల్లగా ఉంది.

ఫ్యాక్టరీ మిషన్ నడిపే మనిషి తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. లోపల కంప్రెషరు వెనక వాల్వు ఉందని, అది కట్టేస్తే ఆగుతుందని, తాను రెండుసార్లు పోయి దాని దాకా చేరలేక వచ్చానని చెప్పాడు. ఈలోపు ఇద్దరు ఫైర్‌మన్లు పైపు బిగించి, నేల మీద మడుగు కట్టిన దాని మీద నీళ్ళు జోరుగా కొట్టారు. మడుగు సలసలా మరిగినట్టయి తెలుపు ఇంకింత లేచింది. దాని మీద కొట్టకండని మిషన్ మనిషి అరిచాడు. ఎందుకట్లా అయిందో వాళ్ళకు తెలియలేదు. పైపును పక్కకు తిప్పారు.

రాజేశ్వర్ రావు జీపు దిగి సెట్లు తెమ్మన్నాడు. రెండింటిలో ఒక సిలిండరు ఉత్తది. ఫోటోలు దిగిన నాడు అయిపోయిన గాలి మళ్ళీ నింపలేదు. నింపే మిషను హైదరాబాదులో ఉంది. రెండోదాంట్లో ఎంత ఉందో చూసే ముల్లు ఎవరికీ అర్థం కాలేదు.

కట్టయ్య ముందుకొచ్చి పట్టీలు అందుకున్నాడు.

"నువ్వు కాదు," అన్నాడు రాజేశ్వర్ రావు.

"సార్, నాకు దీని సంగతి జర ఎరుకే."

"ట్రైనింగుల నీ పేరు లేదు. రేపు ఏమన్నయితే జవాబు నేను చెప్పాలె. పేరున్నోళ్ళే పోవాలె."

ఆయన గొంతులో పగ లేదు. ఉత్త భయమే ఉంది. కట్టయ్య చేతుల్లోంచి పట్టీలు తీసి బుచ్చిరాములుకు ఇచ్చాడు. బుచ్చిరాములు ఒక్క నిమిషం కట్టయ్య ముఖంలోకి చూశాడు. తర్వాత సిలిండరు వీపుకు ఎత్తుకున్నాడు. పట్టీ బిగించడం రాక తడుముకుంటుంటే కట్టయ్యే వెనక నుంచి బిగించాడు. నడుముకు తాడు కట్టాడు. సీటీ గురించి ఇప్పుడన్నా చెప్పాలనుకున్నాడు, చెప్పాడు కూడా. కానీ మాస్కు అప్పటికే ముఖానికి ఎక్కింది, పక్కనే పంపు మోత. బుచ్చిరాములు తల ఊపాడు. ఏది విని ఊపాడో కట్టయ్యకు తెలియలేదు.

తాడు మెల్లగా లోపలికి పోయింది. పది బారలు, పదిహేను. ఆగింది. మళ్ళీ కొంచెం కదిలింది. ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వినిపించింది. వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది, రెంచితో కొడుతున్నాడు.

అప్పుడు సీటీ మోగింది. సన్నగా, తెంపు లేకుండా.

"తాడు గుంజుమని ఊదుతాండు," అన్నాడు పక్కవాడు. ఇంకొకడు, కాదు, పని అయిపోయిందని సైగ అన్నాడు. కట్టయ్య తాడు పట్టుకుని గుంజాడు. అది వదులుగా వచ్చింది, ఆగింది, ఎక్కడో మెలిపడింది. సీటీ మోగుతూనే ఉంది. లోపల రెంచి చప్పుడు కూడా ఆగలేదు.

కట్టయ్య తువ్వాలు నీళ్ళలో ముంచి ముఖానికి చుట్టుకుని లోపలికి పరిగెత్తాడు. వెనక నుంచి రాజేశ్వర్ రావు ఆగమని అరుస్తున్నాడు. నాలుగు అడుగులకే చంకల్లో, మెడ మీద, చెమట పట్టిన చోటల్లా నిప్పు పెట్టినట్టయింది. కళ్ళు మూసుకుని, తాడును చేత్తో పట్టుకుని, నేల మీద పాకుతూ పోయాడు. సీటీ ఆగిపోయింది. రెంచి చప్పుడు కూడా లేదు. అతని చెయ్యి బూటుకు తగిలింది.

ఈడ్చుకుని బయటికి వచ్చేసరికి బుచ్చిరాములు ముఖం మీద మాస్కు లేదు. ఊపిరాడక తనే పీకేసుకున్నాడు.

వెనక పైపు బుసకొట్టడం తగ్గిపోయింది. వాల్వు మూసుకుంది.

*

బుచ్చిరాములు పెద్ద దవాఖానలో రెండు దినాలు ఉన్నాడు. కళ్ళకు కట్లు కట్టారు. గొంతు లోపలంతా కాలిపోయి మాట రాలేదు. కట్టయ్యకు చంకల్లో బొబ్బలకు మందు పూసి పంపిస్తే, అతను పోకుండా మంచం పక్కనే కూర్చున్నాడు. మంచానికి అవతలి పక్క బుచ్చిరాములు భార్య సరోజన కాళ్ళ దగ్గర నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు.

రెండో పొద్దు బుచ్చిరాములు చెయ్యి దుప్పటి మీద తడిమింది. కట్టయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు అతని మణికట్టును పట్టి ఒక పక్కకు తిప్పాయి. విడిచి, మళ్ళీ పట్టి తిప్పాయి. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"బందయింది తమ్మీ," అన్నాడు. "వాల్వు బందయింది. ఇండ్లవాళ్ళందరు మంచిగనే ఉన్నరు."

చెయ్యి అట్లాగే ఉండిపోయింది. సాయంత్రం నాలుగు గంటలకు ఊపిరి ఆగింది.

*

విచారణకు హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసింది. ముందు రోజు పొద్దున్నే రాజేశ్వర్ రావు కట్టయ్య ఇంటికి నడిచి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడ్డం పెరిగి ఉంది.

ఆయన చెప్పిందేమిటంటే, గ్యాసు ప్రమాదాల్లో ట్రైనింగైన మనిషి డ్యూటీలో పోతే ఇంటివాళ్ళకు ప్రత్యేకంగా సాయం ఉంది, భార్యకు అటెండరు నౌకరి ఇస్తారు. ట్రైనింగు లేని మనిషైతే అవేవీ రావు. పైగా రిజిస్టరు అబద్ధమని తేలితే, చేయని ట్రైనింగుకు అలవెన్సు తీసుకున్నాడని చచ్చిపోయినవాడి మీదే కేసు రాస్తారు. మిగిలిన పది మంది జరిగిందనే చెబుతారు. కొట్టేసిన పేరు ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి పెద్దాఫీసరు కట్టయ్యనే పట్టి అడుగుతాడు.

"నా నౌకరి కోసం వచ్చిన అనుకుంటానవ్," అన్నాడు రాజేశ్వర్ రావు. "దాని కోసం కూడా వచ్చిన. అబద్ధమెందుకు. కని నా సంగతి ఇడిచిపెట్టు. సరోజనను తలుసుకో."

 కట్టయ్య ఈ మనిషి చెప్పిన దాంట్లో అబద్ధం ఏదన్నా ఉందేమోనని వెతికాడు. దొరకలేదు. అదే అతనికి ఎక్కువ కోపం తెప్పించింది.

మర్నాడు ఆఫీసు గదిలో పెద్దాఫీసరు ఎర్ర గీత మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగాడు. మల్లికార్జున్ కాగితం మీద పెన్ను ఆనించి ఎదురుచూస్తున్నాడు.

"మా ఇంట్ల తబియత్ బాగలేకుండె సార్. సెలవుల ఉన్న," అన్నాడు కట్టయ్య.

"ట్రైనింగు మాత్రం జరిగింది?"

"జరిగింది సార్."

"పది రోజులూ?"

"పది దినాలు."

రాసింది చదివి వినిపించారు. కింద కట్టయ్య సంతకం పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ లేనిది పేరు వంకరపోయింది. ఇంకొకటి పెట్టమన్నారు. ఇంకొకటి పెట్టాడు.

వారం తిరక్కుండానే రిపోర్టు వచ్చింది. పొద్దున హాజరు వేళ రాజేశ్వర్ రావు అందరినీ వరసగా నిలబెట్టి చదివాడు. పరికరాలు ఇచ్చారు, పూర్తి శిక్షణ ఇచ్చారు. గాలి అయిపోతోందని పరికరం హెచ్చరించినా సదరు ఉద్యోగి నేర్చుకున్న జాగ్రత్తలు పాటించక లోపలే ఉండిపోవడం వల్ల ప్రాణనష్టం జరిగింది. పొరపాటు వ్యక్తిగతమైనది. అయినా డ్యూటీలో పోయినందువల్ల కుటుంబానికి సాయం ఇవ్వొచ్చని పైకి రాస్తున్నాం. గ్రాంటు సరిగ్గా ఖర్చయింది కాబట్టి వచ్చే ఏటికి కూడా ఇవ్వొచ్చు.

వాల్వు ఎవరు కట్టేశారో అందులో ఎక్కడా లేదు. రాజేశ్వర్ రావు చదవడం ముగించి కాగితం మడిచాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

*

నాలుగు దినాల తర్వాత సరోజన స్టేషన్ గేటు దాకా వచ్చింది. లోపలికి రాకుండా గోడ నీడకు నిలబడి కట్టయ్యను పిలిపించింది. పేపరులో పడిందని చెప్పింది. వాడకట్టులో ఎవరో చదివి తన మామకు వినిపించారట. ట్రైనింగైన మనిషే మతి తప్పి చచ్చిపోయాడని నలుగురూ అంటున్నారట.

"మామ మూడు దినాల సంది అన్నం ముడ్తలేడన్నా. కొడుకు పోయిననాడు గూడ గింత కాలే," అన్నది. "నాకెరుక, ఆయన ఏం నేర్చుకోలే. ఆ పది దినాలల్ల డ్యూటీ లేని పూటలన్ని మగ్గం మీదనే కూసున్నడు. నేను చెప్తె మామ నమ్ముతలేడు, పెండ్లాన్ని గన్క అట్లనే అంట అంటాండు. నువ్వొచ్చి చెప్పు."

"చెప్త చెల్లె. మరి నీ నౌకరి కాయిదాలు?"

"మామ నోట్లెకెల్లి మాట బయటికి రాదు." కొంచెం ఆగి, కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ అన్నది. "నౌకరి కోసం నువ్వట్ల చెప్పిన సంగతి మాత్రం చెప్పకు. సారు నాకు గూడ చెప్పిండు, నేను సరే అన్న. కొడుకు పేరు ఇచ్చి పైసలు తెచ్చుకున్నమని తెలిస్తె మామ వాటిని ముట్టడు. నన్ను ముట్టనియ్యడు."

కట్టయ్య సరేనన్నాడు.

బుచ్చిరాములు తండ్రి వెంకటరాజం మగ్గం ఇంటి ముందరి గదిలో ఉంది. గుంటలో కాళ్ళు పెట్టుకుని ముసలాయన జంపఖానా నేస్తున్నాడు. ఎర్రది, నీలంది, ఎర్రది, పట్టీలు పట్టీలుగా. ఒక కన్ను పొర కమ్మి తెల్లబడింది. దారం ఇవతలికి, అవతలికి పోయినప్పుడల్లా చేతిలోని ఇనుప పంజాతో పోగులు దగ్గరికి కొడుతున్నాడు. కట్టయ్య వచ్చి గుంట గట్టు మీద కూర్చున్నా చెయ్యి ఆపలేదు. గోడ పక్కన సరోజన చరఖా ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది.

"వానికి నేర్పిండ్రట గద," అన్నాడు ముసలాయన. "పది దినాలు. నేర్పింది మరుస్తడా వాడు? చిన్నప్పుడు ఒక్క పోగు తప్పితె, చూడకుంటనే చేత్తోని తెలుసుకునెటోడు."

కట్టయ్య చెప్పాడు. షామియానా సంగతి, ఫోటోల సంగతి, కూర్చున్న కాడ కూర్చుని పెట్టిన సంతకాల సంగతి చెప్పాడు. సిలిండరులో సగం గాలి సార్ల ఫోటోలకే పోయిందని చెప్పాడు. సీటీ అంటే ఏమిటో అక్కడ తనకు తప్ప ఎవరికీ తెలియదని, మాటల్లేక తనే ముందుగా చెప్పలేదని, అది కూడా దాచకుండా చెప్పాడు.

"సీటీ మోగుతాంటె గూడ వాల్వు బంద్ చేసిండు కాకా. చేసినంకనే పడిపోయిండు. వాడు తప్పు చెయ్యలే. వానికి ఎవ్వరు నేర్పలే."

పంజా ఆగింది. ముసలాయన మంచి కన్నుతో అతన్ని చూశాడు.  పంజాను పక్కన పెట్టి, నేసినంత మేరా అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"అయితె మావాడు మంచిగనే చేసిండు," అన్నాడు.

"మంచిగ చేసిండు."

ముసలాయన తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మరి నిన్ను అడిగిండ్రట గద. గీ మాట గా పెద్ద సారు ముందట ఎందుకు చెప్పలే?"

చరఖా చప్పుడు ఆగిపోయింది. సరోజన తల వంచుకుని, తెగని దారాన్ని అతుకుతున్నట్టు వేళ్ళ మధ్య నలుపుతోంది. కట్టయ్య ఆమె దిక్కు చూడకూడదనుకున్నాడు, చూడలేదు. గుంటలో ముసలాయన పాదాలు కనిపిస్తున్నాయి. వాటినే చూశాడు.

"భయమైంది కాకా," అన్నాడు.

"భయమా?"

"నౌకరి పోతదని భయమైంది."

 వీధిలో ఎవరో రంగు నూలు తడుపుతున్న చప్పుడు వస్తోంది.

"పదేండ్ల సంది వాడు ఇంట్ల నీ ముచ్చటే చెప్పెటోడు," అన్నాడు వెంకటరాజం. "మా అన్న దేనికి భయపడడని."

పంజా తీసుకుని పని మొదలుపెట్టాడు. కట్టయ్య ఇంకా కొంచెంసేపు గట్టు మీద కూర్చుని, లేచి చెప్పులు వేసుకున్నాడు. సరోజన వాకిట్లోకి వచ్చి, చాయ పెడతాను, తాగి పొమ్మన్నది. లోపల ముసలాయన పోగులు కొడుతూనే ఉన్నాడు. కూర్చోమని అంటాడేమోనని కట్టయ్య గడపలో ఆగి చూశాడు.

"వద్దు చెల్లె," అన్నాడు. "డ్యూటీ ఉన్నది."